హమ్మాము నుండి హమాము వరకు

"చన్నీళ్ళకు వేణ్ణీళ్ళు తోడు" అని మన పెద్దలు అంటారు. చాలీచాలని జీతానికి కొద్దిపాటి రాబడి వచ్చి చేరినప్పుడు ఈ మాట వినబడుతుంది. సామెతను సామెతగా వాడుకొని ఊరకుంటాము గాని, దానిలో ఒక పాత గృహగణితం దాగి ఉన్నదని తలచము. చన్నీళ్ళు బావిలోనో, చెరువులోనో, ఏటిలోనో దొరుకుతవి. వాటికి కావలసినది చేద, చేతిబలం. వేణ్ణీళ్ళకో, కట్టె కావలెను, పాత్ర కావలెను, పొయ్యి కావలెను, ఆ పొయ్యి దగ్గర కళ్ళు నులుముకొంటూ కూర్చుండే మనిషి కావలెను. అందుచేతనే సామాన్యుని ఇంట వేణ్ణీళ్ళు ఎన్నడూ కొంచెమే. వాటిని చన్నీళ్ళలో కలిపి పదిమందికి సరిపెట్టుకొనవలసినదే.

మన చరిత్రగ్రంథాలలో నీటికి చోటు ఉన్నది. చెరువులు త్రవ్వించిన రాజుల పేర్లు శాసనాలలో నిలిచినవి. నిప్పుకు కూడ చోటు ఉన్నది. యజ్ఞకుండాన్ని గూర్చి, కొలిమిని గూర్చి, ఫిరంగిని గూర్చి పండితులు విపులంగా వ్రాసినారు. నీరూ నిప్పూ ఒకచోట కలిసిన స్థానం, అనగా స్నానానికి నీళ్ళు కాచే పొయ్యి, మాత్రం ఎవరి దృష్టికీ అంతగా రాలేదు. అది ఇంటి వెనుక పెరటిలో ఉండుట దీనికి ఒక కారణం కావచ్చును. ఆ పొయ్యి చరిత్రను అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఒకసారి పుట్టించిన వేడిని మనవారు ఎట్లా నిలువ చేసుకొన్నారు? ఆ వేడికి వెల ఎవరు చెల్లించినారు?

కట్టె లేకుండ, కష్టం లేకుండ వేడినీరు దొరికిన చోట ఏమి జరిగినదో వినయపిటకంలోని ఒక కథ చెబుతున్నది. రాజగృహం దగ్గర వేడినీటి ఊటలు ఉన్నవి. పాలిగ్రంథాలు దానిని తపోద అన్నవి. నేటి రాజగిరిలో ఆ ఊటలు ఇప్పటికీ ప్రవహిస్తున్నవి. ఒకనాడు మగధరాజు బింబిసారుడు తల రుద్దుకొని స్నానం చేయుటకు అక్కడికి వచ్చినాడు. అప్పటికే భిక్షువులు నీటిలో ఉన్నారు. వారు ముగించి లేచేవరకు రాజు వేచి ఉన్నాడు. వారు చీకటిపడేదాక లేవలేదు. రాజు స్నానం ముగించేసరికి నగరద్వారాలు మూసినారు. మగధకు ప్రభువైనవాడు ఆ రాత్రి తన నగరం వెలుపలనే గడపవలసివచ్చినది. ఈ సంగతి విని బుద్ధుడు, భిక్షువు పక్షం రోజులలోపల రెండవసారి స్నానం చేయరాదని నియమం పెట్టినాడు. తరువాత ఎండకాలానికి, జబ్బుకు, శ్రమచేసిన దినానికి, ప్రయాణానికి, గాలివానకు సడలింపులు ఇచ్చినాడు. ప్రకృతి ఉచితంగా ఇచ్చిన వేడినీటికి కూడ హద్దు, వంతు, మర్యాద అవసరమైనవని ఈ కథవలన తెలుస్తున్నది.

ఊట లేని చోట మనిషి నిప్పు రాజవేయవలెను. ఆ వినయపిటకంలోనే జంతాఘరమనే స్నానశాల ప్రస్తావన ఉన్నది. వైశాలిలో భిక్షువులు మంచి భోజనాలు చేసి జబ్బుపడుతూ ఉండగా, వైద్యుడు జీవకుడు బుద్ధుని దర్శించి, వారికి నడచుటకు చంక్రమణమూ, చెమట పట్టుటకు జంతాఘరమూ కావలెనని కోరినాడట. చిన్న జంతాఘరంలో పొయ్యి ఒక ప్రక్కన, పెద్దదానిలో నడుమ ఉండవలెనట. పొగ పోవుటకు గొట్టం ఉండవలెను. మంట సెగకు ముఖం కమలకుండ మట్టి పూసుకొనవలెను. నీరు నిలువకుండ నేలకు తూము ఉండవలెను. ఇవన్నీ చదువుతుంటే కట్టడం తెలిసిన మేస్త్రీ ఎవరో ప్రక్కన నిలిచి చెప్పినట్లు ఉంటుంది.

అంతకంటె గమనింపదగినది ఆ స్నానశాలలోని నడవడిని గూర్చిన భాగం. మొదట వెళ్ళినవాడు పొయ్యిలో బూడిద పేరుకొని ఉంటే దానిని తీసి పారవేయవలెను. ఊడ్చవలెను. పెద్దలను ఒరుసుకొని కూర్చుండరాదు. చివరకు వెలుపలికి వచ్చేవాడు బురద ఉంటే కడిగి, మట్టిదొన్నెను కడిగి, పీటను ఎత్తిపెట్టి, నిప్పు ఆర్పి, తలుపు మూసి మరీ రావలెను. వేడిని అనుభవించినవాడే బూడిద ఎత్తవలెనన్నది ఈ నియమాల సారం. తరువాతి రెండువేల సంవత్సరాలలో మన దేశంలో స్నానశాలలు ఎన్నో వెలసినవి. వాటిలో ఈ ఒక్క నియమం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. బౌద్ధంతోపాటు జంతాఘరం సముద్రం దాటి సింహళానికి వెళ్ళినది. శ్రీలంకలోని అరంకెలె అరణ్యవిహారపు శిథిలాలలో అటువంటి స్నానశాల ఆనవాళ్ళను నేటికీ చూపుతారు.

వైద్యులు ఈ వేడిని మరికొంత లోతుగా పరిశీలించినారు. చరకసంహిత సూత్రస్థానంలోని పదునాలుగవ అధ్యాయం స్వేదాన్ని గూర్చినది. నిప్పుతో చేసే స్వేదాలు పదమూడు అని అక్కడ లెక్క. వాటిలో రెండు మన విషయానికి దగ్గరివి. ఒకటి జేంతాకస్వేదం. గుండ్రని ఇల్లు కట్టి, గోడ వెంట అరుగు వేసి, నడుమ చిన్న చిన్న రంధ్రాలుగల మట్టికొలిమి నిలిపి, దానిలో చండ్ర మొదలైన కట్టెలు కాలుస్తారు. రోగిని లోపలికి ఎప్పుడు పంపవలెను? కట్టెలన్నీ చక్కగా కాలి, పొగ పోయి, ఇల్లంతా వేడెక్కిన తరువాత. రెండవది అశ్మఘనస్వేదం. మనిషి పడుకొనుటకు చాలినంత బండను కట్టెలతో కాల్చి, నిప్పులన్నీ ఊడ్చివేసి, వేణ్ణీళ్ళు చల్లి, పట్టు బట్టనో ఉన్ని బట్టనో పరచి, దానిమీద రోగిని పడుకోబెట్టుతారు. రెంటిలోను పని చేసేది మంట కాదు, మంట విడిచిపోయిన వేడి. నిప్పు వేరు, వేడి వేరు, మొదటిది పోయినా రెండవది నిలుస్తుందన్న జ్ఞానం ఈ రెండు విధానాలకు మూలం.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకొనుట మంచిది. ఒక కిలోగ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు ఒక కిలోకాలరీ వేడిని పుచ్చుకొంటుంది. అంతే బరువుగల రాయి దానిలో దాదాపు ఐదవ వంతు మాత్రమే పుచ్చుకొంటుంది. రాగి పదకొండవ వంతుతో సరిపెట్టుకొంటుంది. కాబట్టి బరువుకు బరువుగా చూస్తే వేడిని దాచుకొనుటలో నీటికి సాటి రాగల వస్తువు మన ఇండ్లలో లేదు. రాగి తాను దాచుకొనదు, త్వరగా అందిస్తుంది. అందుకే పాత్రకు రాగి, నిలువకు నీరు. ఐతే నీటికి ఒక పరిమితి ఉన్నది. నూరు డిగ్రీలు దాటితే అది ఆవిరియై పోతుంది. రాయికి ఆ బాధ లేదు. ఎంత కాల్చినా కూర్చున్నచోటనే ఉంటుంది, పుచ్చుకొన్న వేడిని తీరికగా తిరిగి ఇస్తుంది. కట్టెతో నీళ్ళు కాచుకొన్న జాతులన్నీ ఈ రెండు గుణాలనే వేరువేరు పాళ్ళలో కలుపుకొన్నవి. రాతికి ప్రాధాన్యం ఇచ్చినవారు హమ్మాములు కట్టినారు. నీటికి ప్రాధాన్యం ఇచ్చినవారు అండాలు, కాగులు చేయించుకొన్నారు.

హమ్మాము అన్న మాట అరబ్బీలో వేడి అనే అర్థంగల ధాతువునుండి పుట్టినది. రోమనులు నేలక్రింద బోలుగా కట్టి, దానిలో వేడిగాలి నడిపిన పద్ధతి పశ్చిమాసియాలో కొనసాగి, ఇరాను, మధ్యాసియాల మీదుగా మన దేశానికి చేరినది. బాబరు 1526లో పానిపట్టు గెలిచి ఆగ్రాకు వచ్చినప్పుడు, తనకు ఈ దేశంలో లోపించినవిగా తోచిన వస్తువుల పట్టికలో హమ్మామును కూడ చేర్చినాడు. హిందూస్థానంలో తనను బాధించినవి మూడని ఆత్మకథలో వ్రాసుకొన్నాడు: ఎండ, ఈదురుగాలి, దుమ్ము. మూడింటికీ విరుగుడు హమ్మామే అన్నాడు. వేడిమికి విరుగుడు వేడినీటి ఇల్లా అని మనకు ఆశ్చర్యం కలుగవచ్చును. దళసరి రాతిగోడలు చలిలో వేడిని ఎట్లా పట్టి ఉంచగలవో, ఎండలో చల్లదనాన్ని కూడ అట్లే పట్టి ఉంచగలవు. సమర్‌కందును కలగంటూ ఆగ్రా దుమ్ములో నిలిచిన ఆ తురుష్కునికి ఈ రహస్యం అనుభవంలో ఉన్నది. యమునకు ఆవలి ఒడ్డున తోట, బావి, హమ్మాము కట్టించుకొనుటతో అతని ఇంటిపని మొదలయినది.

హమ్మాములో మూడు భాగాలు ప్రధానమైనవి. బట్టలు విడిచే గది, చల్లని గది, వెచ్చని గది. వెచ్చని గది ప్రక్కన లోహపు తొట్టి, దానిక్రింద కొలిమి. కొలిమి సెగ తొట్టిని కాచిన తరువాత నేలక్రిందికి పోయి రాతిపలకలను వేడిచేసి, గోడలోని గొట్టాలగుండా పైకి పోతుంది. ఒకే కట్టె నీటికీ రాతికీ కూడ ఉపయోగపడవలెననేది దీనిలోని సూక్ష్మం. ఢిల్లీలో 1639లో మొదలై 1648లో ముగిసిన షాజహాను ఎర్రకోటలో ఇటువంటి హమ్మాము ఉన్నది. చలువరాతి నేలలో రంగురాళ్ళు పొదిగిన పూలతీగలు నేటికీ కంటికి ఇంపుగా ఉంటవి. పడమటి గది గోడలో వేడిచేసే ఏర్పాటు ఉన్నది. మొగలుదర్బారులో స్నానశాలకూ రాజ్యతంత్రానికీ పొత్తు కూడ ఎక్కువ. అక్బరు కాలంనుండి ఆంతరంగిక మంతనాలు జరిగే స్థలానికి గుస్ల్‌ఖానా అనియే పేరు. షాజహాను దానికి మరొక గంభీరమైన పేరు పెట్టినప్పటికిని జనం నోట పాత పేరే నిలిచినది.

హమ్మాము అంతఃపురాలకే పరిమితమనుకొనరాదు. లాహోరులో ఢిల్లీదర్వాజా దగ్గర వజీర్‌ఖాను 1635 ప్రాంతంలో కట్టించిన హమ్మాము ఊరివారికీ బాటసారులకూ ఉద్దేశించినది. దానిపై వచ్చే ఆదాయం మసీదు పోషణకు చెందేటట్లు ధర్మం వ్రాసినారు. 2013 నుండి 2015 వరకు అక్కడ జరిగిన పునరుద్ధరణలో నేలక్రింది వేడిమార్గాలు, మురుగుకాలువలు బయటపడినవి. ఇప్పుడు చూడబోయినవారు గాజుపలకలమీద నడుస్తూ ఆ చీకటి దారులను చూడవచ్చును. మన తెలుగునేలమీద గోల్కొండకోట దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఒక హమ్మాము ఉన్నది. వేడినీటికీ చన్నీటికీ వేరువేరు మార్గాలుగల ఆ కట్టడాన్ని శవస్నానశాల అని చెప్పుకొంటారు. చనిపోయిన సుల్తానును చివరిసారి కడిగి సమాధికి పంపిన చోటు అదేనని ప్రతీతి. పుట్టిన బిడ్డకు మొదటి స్నానం, పోయినవానికి చివరి స్నానం, రెండూ వేణ్ణీళ్ళతోనే చేయుట హిందువులలోను ముసల్మానులలోను కనిపించే ఆచారం.

హిందీలోను ఉర్దూలోను ఒక సామెత ఉన్నది. ఈ హమ్మాములో అందరూ దిగంబరులే అని దాని భావం. అందరిలోను ఒకే తప్పు ఉన్నప్పుడు ఒకరిని ఒకరు వేలెత్తి చూపలేరని చెప్పుటకు దానిని వాడతారు. వేడినీటి గదిలో నవాబుకూ నౌకరుకూ భేదం కనిపించదన్న సమత్వభావం కూడ దానిలో ధ్వనిస్తున్నది. వినుటకు బాగున్నది. కాని ఆ సామెత అల్లినవాడు గోడకు ఆవల ఉన్న ఒక మనిషిని లెక్కించలేదు. అతడు బట్టలు కట్టుకొనియే ఉన్నాడు. ఆ బట్టలు మసిబారి ఉన్నవి. అతడు తెల్లవారుజామున లేచి కొలిమిలో కట్టె ఎగదోయుచున్నాడు. ఎర్రకోట పూలతీగలు పొదిగిన శిల్పులను అప్పుడప్పుడైనా తలచుకొంటాము. ఆ కొలిమివానిని, అతనికి కట్టె మోసి తెచ్చిన ఆడమనిషిని తలచుకొన్న పుట మన చరిత్రలలో వెదకవలసి ఉన్నది. పేడతో, పుల్లలతో, ఎండుటాకులతో సామాన్యుల పొయ్యి వెలిగిన ఆ కాలంలోనే బండ్లకొలది దుంగలు హమ్మాముల నోట పడినవి.

హమ్మాము బలమే దాని బలహీనత. అంత రాయి వేడెక్కుటకు ఎంతో కట్టె, ఎంతో కాలం పడుతుంది. ఒకసారి వేడెక్కినదానిని చల్లారనివ్వక నడిపించినంతకాలం అది చవక. వందలమంది వచ్చి పోతున్నంతకాలం తలకు పడే ఖర్చు స్వల్పం. దర్బారులు చెదరి, ధర్మాదాయాలు తరిగి, వచ్చేవారు తగ్గేసరికి ఆ లెక్క తలక్రిందులైనది. పదిమంది కొరకు రాతికొండను కాచుట ఎవరికి సాధ్యం? 1857 తరువాత ఎర్రకోటలో చాలా భవనాలను ఆంగ్లేయులు పడగొట్టినారు. మిగిలిన హమ్మాము చూపరులకు మిగిలినది, స్నానానికి మిగలలేదు. ఉత్తరదేశంలోని పెక్కు హమ్మాముల గతి కూడ ఇదే.

ఒక్క కాశ్మీరంలో మాత్రం హమ్మాము చావలేదు. 1540లో కాశ్మీరాన్ని జయించి దశాబ్దంపాటు ఏలిన మీర్జా హైదర్ దుగ్లాతు దానిని అక్కడ ప్రవేశపెట్టినాడని చెబుతారు. డిసెంబరు 21 మొదలు నలభై దినాలు సాగే చిల్లైకలాన్ చలిలో కుళాయినీరు గొట్టంలోనే గడ్డకడుతుంది. ఆ దినాలలో మసీదును ఆనుకొని ఉండే హమ్మాము మొహల్లాకంతటికీ ఆధారం. చదునుచేసిన రాతిపలకలతో నేల, దానిక్రింద పొట్టి స్తంభాలమీద బోలు, వెలుపలినుండి నిప్పు వేయుటకు నోరు, ఆ నోటిపైన గోడలో కూర్చిన పెద్ద రాగిపాత్ర. పలకల నడుమ సందులను సున్నంతో గట్టిగా మూస్తారు. సందు విడిస్తే పొగ పైకి వస్తుంది. ఒకసారి కట్టెలు కాలిస్తే రాయి గంటల తరబడి వెచ్చగా ఉంటుంది, రాగిపాత్రలో వజూకు వేణ్ణీళ్ళు ఉంటవి. ముసలివారు నమాజు ముగించి ఆ నేలమీదనే కూర్చుండి ఊరి సంగతులు మాట్లాడుకొంటారు. కట్టెల ఖర్చుకు ఊరివారు చందాలు వేసుకొంటారు. చరకుడు ఒక రోగికి విధించిన వేడిబండ ఇక్కడ ఊరుమ్మడి అరుగైనది. ఐతే ఆ అరుగు చాలావరకు మగవారిది. ఆడవారి భాగానికి వంటయింటి వెచ్చదనమూ, ఫెరన్‌క్రింది కాంగిడీ మిగిలినవి. ఇటీవలి కాలంలో స్తోమతుగల కుటుంబాలు కొత్త ఇండ్లలో సొంత హమ్మాము కట్టించుకొనుట వలన ఈ భేదం కొంత తగ్గుతున్నది. దానితో కట్టె వాడకం పెరుగుతున్నది.

ఇక మైదానదేశంలో సామాన్యుల ఇంటికి వద్దాము. ఇక్కడ నిలువకు రాయి లేదు, నీరే ఉన్నది. కర్ణాటకంలో స్నానపుటింటి మూలన పొయ్యి కట్టి, దానిలో రాగిహండెను మెడవరకు కూర్చి, చుట్టూ ఇటుకతో మట్టితో మూసివేస్తారు. ఆ మట్టిచుట్టు వేడి బయటికి పోకుండ కాపాడుతుంది. దీపావళికి నరకచతుర్దశి ముందునాటి సాయంకాలం అక్కడ నీరు నింపే పండుగ జరుగుతుంది. హండెను చింతపండుతో తోమి, బొట్టుపెట్టి, కొత్తనీరు నింపుతారు. నీళ్ళు కాచే పాత్రకు ఒక పండుగ కేటాయించిన జాతి ఆ పాత్ర విలువ ఎరిగినదే అయి ఉండవలెను.

తెలుగులో కాగు అన్న మాట క్రియయై వేడెక్కుటను తెలుపుతుంది, నామమై నీళ్ళు కాచే పెద్దపాత్రను తెలుపుతుంది. పాత్రా, పనీ ఒకే మాటలో ఇమిడినవి. మన వంటయింటిలో కొడిపొయ్యి అనే ఏర్పాటు ఉండేది. అసలు పొయ్యిలో అన్నం ఉడుకుతుండగా ప్రక్కకు పోయే సెగ కొడిపొయ్యికి చేరుతుంది. దానిమీద నీళ్ళచెంబో, పాలకుండో పెట్టేవారు. దానికని వేరుగా ఒక పుల్ల కూడ కాలదు. వృథాపోయే వేడిని పట్టుకొనుట గొప్ప శాస్త్రమని నేడు చెప్పుకొంటున్నాము. మన అవ్వలకు అది కట్టె కరవు నేర్పిన చదువు. భోగినాటి తలంటుకూ, పురిటి స్నానానికీ కాగు నిండుగా కాగేది. మిగిలిన దినాలలో ఇంటి మగవారికి వేణ్ణీళ్ళు, కాచిన కోడలికి చన్నీళ్ళు అన్నది పెక్కు ఇండ్ల రివాజు.

మహారాష్ట్రంలోను గుజరాతులోను మరొక సాధనం వచ్చినది. మరాఠీవారు దానిని బంబు అంటారు, గుజరాతీలు బంబో అంటారు. పోర్చుగీసులో నీరుతోడు యంత్రానికి బోంబా అని పేరు. ఆ మాట హిందీలో బంబాగా స్థిరపడినది, మనం బాల్చీ అనే మాటకు మూలం కూడ పోర్చుగీసే. బంబు ఒక నిలువు రాగిపాత్ర. దాని నడుమ గొట్టం. గొట్టంలో బొగ్గు, పుల్లలు, కొబ్బరిచిప్పలు వేసి వెలిగిస్తారు. క్రింద జల్లెడలోనుండి బూడిద రాలుతుంది. గొట్టం చుట్టూ నీరు ఉంటుంది, క్రింద కుళాయి ఉంటుంది. పాత్రక్రింద మంట పెట్టితే సెగ ప్రక్కలకు పారిపోతుంది. నీటి నడుమనే మంట పెట్టితే సెగ ఎటు తిరిగినా నీటికే తగులుతుంది. కాశ్మీరులో టీ కాచే సమావారుది కూడ ఇదే నిర్మాణం. రష్యనుభాషలో ఆ మాటకు తనంత తాను కాగేది అని అర్థం. ఒకే ఉపాయం ఒక దేశంలో టీపాత్ర అయినది, మరొక దేశంలో స్నానపుపాత్ర అయినది.

ఈ కథలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టం హిమాచలప్రదేశపు కొండయిండ్లలో ఉన్నది. కులూ, మండీ, సిమ్లా ప్రాంతాలలోను, ఉత్తరాఖండంలోను ఇనుపరేకుతోనో రాగితోనో చేసిన ఒక సాధనాన్ని వాడతారు. ఎత్తు మనిషి నడుమువరకు వస్తుంది. నడుమ మంటగొట్టం, చుట్టూ నీరు, పైన ఒక గరాటు, ప్రక్కన పైభాగంలో ఒక కొమ్ము. ఒక చెంబు చన్నీళ్ళు గరాటులో పోస్తే అవి లోపలి గొట్టం వెంట అడుగుకు పోతవి. వేడినీరు తేలిక, చన్నీరు బరువు, కనుక అడుగున చేరిన చన్నీరు పైనున్న వేడినీటిని పైకి నెట్టుతుంది. చెంబెడు పోస్తే చెంబెడు వేణ్ణీళ్ళు కొమ్ములోనుండి వస్తవి. పాత్ర ఎన్నడూ ఖాళీ కాదు, కాబట్టి మాడిపోదు. మూత బిగించి ఉండదు, కాబట్టి ఆవిరి ఒత్తిడికి పగులదు. కుళాయి లేదు, తిరుగుడు చక్రం లేదు, చెడిపోయే భాగమే లేదు. ఈ రేకుపాత్రకు కొండవారు పెట్టుకొన్న పేరు హమాము.

అదే మాట. బాబరు ఆగ్రాలో కలగన్నదీ, షాజహాను చలువరాతితో అలంకరించినదీ, ఊరి కమ్మరి చేతిలో ఒక రేకుపాత్రయై, ఆపిలుతోటల నడుమ ఒక పేదయింటి వసారాలో నిలిచినది. హకారం తరువాతి ద్విత్వం జారిపోయినది. పూలతీగలు పోయినవి. కొలిమివాడు పోయినాడు. మిగిలినది సారం మాత్రమే: కొద్ది కట్టె, కొంత నీరు, వేడిని నిలుపుకొనే తెలివి. రాజచిహ్నాలు ప్రజలవద్దకు వచ్చుట చరిత్రలో చూస్తూనే ఉన్నాము. ఇంత నిశ్శబ్దంగా వచ్చినవి కొద్ది.

అయినప్పటికిని కట్టె ఎవరు తెస్తున్నారన్న ప్రశ్న మిగిలియే ఉన్నది. లెక్క వేసి చూతము. నలుగురున్న ఇంటికి నూరు లీటర్ల నీరు 15 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు కాచవలెనంటే మూడువేల కిలోకాలరీలు కావలెను. గాలికి ఆరిన కట్టె కిలోకు మూడువేల అయిదువందల కిలోకాలరీలు ఇస్తుంది. అంటే ఒక కిలో చాలవలెను. కాని మూడురాళ్ళ పొయ్యిమీద పాత్రకు చేరేది పదింట ఒక వంతు, మహా అయితే ఒకటిన్నర వంతు. మిగిలినది గాలికీ గోడకూ పోతుంది. అందుచేత నిజానికి ఆరునుండి తొమ్మిది కిలోల కట్టె కాలుతుంది. నడుమ గొట్టంగల పాత్ర సగం వేడిని పట్టగలిగితే రెండు కిలోలు చాలును. దినానికి నాలుగునుండి ఏడు కిలోల తేడా. ఆ తేడా కొండలలో ఒక ఆడమనిషి వీపుమీద తెలుస్తుంది. గఢ్వాలులోని రేణి గ్రామంలో 1974 మార్చి 26న గౌరాదేవీ, ఆమెతోటి స్త్రీలూ చెట్లను అడ్డుకొని గుత్తేదారు మనుషులను వెనుకకు పంపినారు. వారి పోరాటం వాణిజ్యం కొరకు అడవిని నరకుటపై సాగినది. అడవి పోతే రేపటి కట్టెకు ఎంత దూరం నడవవలెనో వారి కాళ్ళకు తెలుసును. చిప్కో చరిత్రను ఇంటి పొయ్యినుండి విడదీసి చదువుట సాధ్యం కాదు.

చలిదేశాలవారు నేడు ఈ విషయాన్నే చట్టంగా వ్రాసుకొన్నారు. జర్మనీలో 2010నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం, చేతితో కట్టె వేసే కొత్త ఇంటి బాయిలరుకు కిలోవాటుకు కనీసం 55 లీటర్ల చొప్పున నీటినిలువ తొట్టి ఉండవలెను. కారణం సులభం. వేడి తక్కువ చాలునని గాలి బిగించి కట్టెను కుములనిస్తే పొగ, తారు పుట్టుతవి, కట్టెలోని శక్తి పొగవెంట పోతుంది. పూర్తి మంటతో ఒక్కసారి శుభ్రంగా కాల్చి, ఆ వేడిని దుప్పటి కప్పిన తొట్టిలో దాచుకొని, కావలసినప్పుడు కావలసినంత తీసుకొనుట మేలు. పొగపోయిన తరువాత రోగిని లోపలికి పంపుమన్న చరకుని వైద్యమూ, రాత్రి కాల్చి తెల్లవారి కూర్చుండే కాశ్మీరు అరుగూ, చెంబుకు చెంబు ఇచ్చే కొండహమామూ ఈ చట్టానికి పూర్వులే. మన బెంగళూరు మేడలమీద కనిపించే సూర్యతాపపు తొట్లలో కూడ పనిచేసేది అదే న్యాయం: వేడినీరు పైకి, చన్నీరు క్రిందికి, చుట్టూ వేడి పోనివ్వని పొర.

ఇట్లని పాతదంతా బంగారమని చెప్పుట నా ఉద్దేశం కాదు. మూసిన గదిలో బొగ్గు కాలితే వాసనలేని విషవాయువు పుట్టి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎడతెగని పొగ తల్లుల కళ్ళనూ ఊపిరినీ తినివేస్తుంది. 2016లో మొదలైన ఉజ్జ్వలా పథకం వలన గ్యాసుపొయ్యి పల్లెలకు చేరినది. అది మంచిదే. ఐతే సిలిండరును వంటకు పొదుపుగా వాడుకొని, స్నానపు నీళ్ళను కట్టెతోనే కాచుకొనే ఇండ్లు ఇంకా ఉన్నవి. పొయ్యి వంటయింటినుండి పెరటికి జరిగినదే గాని ఆరిపోలేదు. పెరటిపొయ్యికి మెరుగైన పాత్రను, పొగగొట్టాన్ని, మంచి మూతను సమకూర్చుటను చిన్నపనిగా భావించి శాస్త్రజ్ఞులు ప్రక్కకు నెట్టరాదు. కొండకమ్మరి చేసిన హమాము ముందు ఆ పని పెద్దపనియే.

నిప్పు పుట్టించుట మనిషి ఎన్నడో నేర్చినాడు. పుట్టిన వేడిని పాడుచేయక నిలుపుకొనుటను మెల్లమెల్లగా నేర్చినాడు. రాతిలో దాచినాడు, నీటిలో దాచినాడు, మట్టితో కప్పినాడు. ఆ వేడిని, దాని భారాన్ని ఇంటిలోను ఊరిలోను సమంగా పంచుకొనుటను మాత్రం ఇంకా నేర్చుకొంటూనే ఉన్నాడు. వైశాలి భిక్షువులకు చెప్పిన మాట ఈ విషయంలో నేటికీ పనికివస్తుంది. వెచ్చగా స్నానం చేసినవాడు పీట ఎత్తిపెట్టవలెను, బూడిద తీయవలెను, నిప్పు ఆర్పి మరీ బయటికి రావలెను.